తొక్కే కాలు, కడిగే చెయ్యి

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని సామెత. ఈ సామెత విననివాళ్ళు తెలుగుదేశంలో వుండరు. విన్నవాళ్ళలో అడుసు తొక్కనివాళ్ళు అసలే వుండరు. చెప్పిన మహానుభావుడెవరో గాని ఎన్నడూ వరిమడిలో దిగినవాడు కాదు. దిగితే, అడుసు తొక్కనిదే నాటు పడదనీ, నాటు పడనిదే కంచంలో మెతుకు పడదనీ ఆయనకే తెలిసేది.

అయినా నా పేచీ అందుకు కాదు. ఈ సామెతలో చెప్పకుండా దాచిపెట్టిన నమ్మకం వొకటి వుంది. తొక్కిన కాలే కడుక్కుంటుందని. ఊరికొక చెరువూ, చెరువుకొక ఊరూ వున్న రోజుల్లో అది నిజమే. చెరువు పాడుచేసినవాడు ఆ సాయంత్రం ఆ నీళ్ళే తాగాలి గదా! ఇప్పుడలా కాదు. తొక్కేది వొకరు, కడిగేది ఇంకొకరు, కడిగిన నీళ్ళు తాగేది మూడోవారు. ముగ్గురికీ వొకరి మొహం వొకరికి తెలియదు.

ఇదంతా ఎందుకు గుర్తుకొచ్చిందంటే, ఈమధ్య ఎండతో నీళ్ళు కడిగే పొడుల గురించి చాలా చదవవలసి వచ్చింది. లోహాల ఆక్సైడులట. కంటికి కనిపించనంత సన్నగా నూరి నీళ్ళలో వేసి ఎండలో పెడితే, నీళ్ళలోని మురికి కాలిపోతుందట. మంట లేకుండా, పొగ లేకుండా, నీళ్ళలోనే! వింటే గారడీలా వుంటుంది గాని, ఇందులో సగం సంగతి మన ఇళ్ళలోని ఆడవాళ్ళకు ముందునుంచీ తెలుసు. తెల్లపంచెకు పసుపు మరక పడితే ఏం చేస్తారు? సబ్బుపెట్టి ఉతికి, అది పోకపోతే విసుక్కోకుండా ఎండలో ఆరేస్తారు. సాయంత్రానికి మరక సగానికి సగం తగ్గుతుంది. పసుపు పండించి పసుపు అమ్ముకునే నిజామాబాద్‌లో ఇది చెప్పడమంటే అమ్మమ్మకు వంట నేర్పినట్టు. ఎండ పసుపురంగును విరిచేస్తుంది, అంతే.

రెండో సగం గోడలకు తెలుసు. తెల్లరంగు వేసిన పాత గోడకు వీపు ఆనిస్తే చొక్కా వెనక తెల్లపొడి అంటుకుంటుంది. రంగులవాడు మోసం చేశాడనుకుంటాం. కల్తీ చేసీ వుండవచ్చు, వాదించను. కాని ఆ తెల్లదనం చాలా రంగుల్లో టైటానియం డయాక్సైడ్ అనే ఖనిజానిది. దీని పుట్టిల్లు మన సముద్రతీరాల్లోనూ వుంది. భీమిలి వొడ్డున కనిపించే నల్లఇసుకలో ఇల్మనైట్ అని ఖనిజం వుంటుంది, అందులో టైటానియం వుంది. నల్లఇసుకలోంచి ఇంత తెల్లటి పొడి! ఈ తెల్లపొడి ఎండ తాకగానే ఊరుకోదు. తన చుట్టూ పట్టి వుంచిన జిగురును తానే కొరుక్కు తింటుంది. జిగురు పోయాక పొడి రాలుతుంది. రంగుల కంపెనీలవాళ్ళు ఈ దుర్గుణం కనిపెట్టి, ప్రతి రేణువుకూ ఇసుకదో అల్యూమినాదో పలచటి తొడుగు తొడిగి దాన్ని అదుపులో పెడతారు. వాళ్ళు దుర్గుణమన్నదాన్నే నీళ్ళు కడిగేవాళ్ళు సుగుణమంటారు. మనుషుల్లోనూ ఇలాంటివాళ్ళుంటారు, ఇంట్లో గయ్యాళి అనిపించుకున్న మనిషే పంచాయతీలో నిలబడితే ఊరికి నీళ్ళు తెస్తుంది.

1972లో జపానులో ఫుజిషిమా, హోండా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ టైటానియం డయాక్సైడును నీళ్ళలో ముంచి వెలుతురు వేస్తే, నీళ్ళు విడిపోయి వొకవైపు ఆక్సిజన్, ఇంకోవైపు హైడ్రోజన్ రావడం ప్రకటించారు. ఆ మరుసటేడే పెట్రోలు ధర ప్రపంచాన్ని వణికించింది. ఎండా నీళ్ళూ కలిపితే ఇంధనం వస్తుందంటే ఎవరికి ఆశ పుట్టదు! ఆ ఆశ ఇంకా తీరలేదు. ఆ వెనకే 1977లో అమెరికాలో ఫ్రాంక్, బార్డ్ అనేవాళ్ళు ఇదే పొడితో నీళ్ళలోని సైనైడును విరగ్గొట్టి చూపించారు. అప్పటినుంచీ ఈ దారిలో నడిచినవాళ్ళకు లెక్కలేదు. మన హైదరాబాద్ తార్నాకలోని ఐ.ఐ.సి.టి.లోనూ ఈ పని జరిగింది.

జరిగేదేమిటో నాకు అర్థమైనంతలో చెబుతాను. వెలుతురు తగలగానే రేణువులో వొక ఎలక్ట్రాన్ లేచి పై అంతస్తుకు పోతుంది. అది కూర్చున్నచోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీకి వొకటే ఆకలి, ఎవరిదగ్గరైనా వొక ఎలక్ట్రాన్ లాక్కోవాలి. పక్కనే వున్న నీటిదగ్గర లాక్కుంటుంది. దోపిడీకి గురైన ఆ నీటి ముక్క మహాకోపంతో ఎదురుపడ్డ మురికినల్లా చీలుస్తుంది. రంగులు, మందులు, క్రిములు, ఏదైనా సరే. పూర్తిగా చీల్చగలిగితే చివరకు మిగిలేది ప్రధానంగా బొగ్గుపులుసు గాలీ, నీరూ. సన్నగా నూరడం ఎందుకంటారా? బెల్లపు అచ్చు నీళ్ళలో వేస్తే కరగడానికి ఎంతసేపు పడుతుంది, దంచి వేస్తే ఎంతసేపు? అంతే సంగతి. మీటరులో నూరుకోట్లవ వంతును నానోమీటరంటారు. పాతిక నానోమీటర్ల రేణువులు వొక గ్రాము తీసుకుంటే, వాటి వొంటి వైశాల్యమంతా కలిపి యాభై చదరపు మీటర్లు, అంటే చిన్న కుటుంబం కాపురముండే ఇంటి నేలంత. మురికి వచ్చి తగలడానికి అంత చోటు.

ఇక బోధన్ సంగతికి వస్తాను. బోధన్ అంటే భారతంలోని ఏకచక్రపురమని అక్కడివాళ్ళ నమ్మకం. బకాసురుడికి రోజూ బండెడన్నం పంపిన ఊరు. ఆ తర్వాతి యుగంలో ఆ ఊరు బండెడన్నానికి బదులు బండ్లకొద్దీ చెరకు పంపింది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ కాలువలు ఆ నేలను తడిపాయి. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోకెల్లా పెద్ద ఫ్యాక్టరీల్లో వొకటని పేరు పడింది. 2002లో అది ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ నోటీసు అంటించారు. ఈ కథలో బకాసురుడు పోతే ఊరు పండుగ చేసుకోలేదు, ఏడ్చింది. 2024లో మళ్ళీ తెరిపించడానికి ప్రభుత్వం కమిటీ వేసింది.

చక్కెర చేయడమంటే ముఖ్యంగా కడగడమే. చెరకురసం చూశారుగదా, పచ్చగా, మడ్డిగా వుంటుంది. అందులో సున్నం కలిపి, గంధకం పొగ పట్టించి, మురికిని అడుక్కి దించి వడపోస్తారు. సున్నమంటే ఏమిటి? కాల్షియం ఆక్సైడ్ నీళ్ళు తాగితే వచ్చేదే. కాబట్టి లోహపు ఆక్సైడుతో కడగడం మన జిల్లాకు కొత్త విద్య కాదు. బెల్లం గానుగ దగ్గరైతే బెండకాండం నలిపిన జిగురు వేసి నురుగు తీసేస్తారు. ఊరి కుండల్లో చిల్లగింజ అరగదీసి నీళ్ళు తేర్చుకునేవాళ్ళు. పద్ధతులు వేరుగాని, అన్నిట్లోనూ జరిగేది వొకటే. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి వొకాయనతో ఈ మాటంటే ఆయన నవ్వి, "చూడు బిడ్డా, రసం సాఫ్ జేసినమంటె మురికి మాయమైందని గాదు. జాగ మారిందన్నట్టు" అన్నాడు.

జాగ మారింది! ఇంతకన్నా సూటిగా ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. రసంలోని మురికి మడ్డిగా మారి పొలానికి ఎరువుగా పోతుంది. మంచిదే. గడ్డకట్టని తీపి మొలాసిస్‌గా మారి, దాన్ని పులియబెడితే ఆల్కహాలు వస్తుంది. ఆల్కహాలు దించుకున్నాక మిగిలేది ముదురు గోధుమరంగు నీరు. మామూలుగా లీటరు ఆల్కహాలుకు ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు! ఆ రంగు బెల్లంపాకం మాడినప్పుడు వచ్చే రంగుకు దాయాదే. చక్కెరా మాంసకృత్తుల ముక్కలూ వేడికి కలిసి పుట్టే రంగు. దాన్ని సూక్ష్మజీవులు కూడా సులభంగా తినలేవు. ఆ నీరు వాగులో పడితే వాగులోని ప్రాణవాయువంతా దాన్ని అరిగించడానికే సరిపోతుంది. చేపలు తేలతాయి. మీ ఇంట్లో స్పూను చక్కెర తెల్లగా వుందంటే, ఎక్కడో అంతకు అంత నల్లగా వుందన్నమాట. ఈ కాలంలో ఫ్యాక్టరీలవాళ్ళు ఆ నీళ్ళనుంచి ముందు గ్యాసు తీసుకుని, ఆ తర్వాత ఇగిర్చో, ఎరువులో కలిపో సరిపెడుతున్నారు. రంగు మాత్రం మొండిది. ఆ మొండిరంగును ఎండాపొడీ కలిసి విరుస్తాయా అన్నది చాలామంది లేబరేటరీల్లో చూసిన ప్రయోగం. పలచగా చేసిన నీళ్ళలో విరుస్తాయి. చిక్కటి నీళ్ళలో విరవవు. ఎందుకంటే చిక్కటి నీళ్ళలోకి వెలుతురే దిగదు! వెలుతురుతో కడగాలనుకుంటే, వెలుతురు పోగలిగినంత శుభ్రం ముందే చేసివుండాలి. అతిమురికి పని వేరెవరో చేసిపెట్టాక వచ్చి మెరుగుపెట్టే పెద్దమనిషి ఈ పొడి.

ఇంకో చిక్కు. మనకు ఎండకు కొదవలేదు గదా అనుకుంటాం. ఏప్రిల్‌లో నిజామాబాద్ బస్టాండులో అయిదు నిమిషాలు నిలబడ్డవాళ్ళెవరూ కొదవ వుందనరు. కాని టైటానియం డయాక్సైడుకు ఎండంతా పనికిరాదు. అందులోని అతినీలలోహిత కిరణాలే కావాలి. అవి ఎండలో నూటికి నాలుగైదు పాళ్ళు. మిగతా తొంభై అయిదు పాళ్ళనూ కాదనే ఈ రాచకుమార్తె చేత మామూలు వెలుతురును కూడా మింగించాలని అరవై రకాల తంటాలు పడుతున్నారు. తుప్పు, అంటే ఇనుపఆక్సైడు, మామూలు వెలుతురునే మింగుతుంది గాని, మింగినదాన్ని నిలుపుకోలేదు, లేచిన ఎలక్ట్రాన్ క్షణంలో మళ్ళీ తన చోటికే వచ్చి పడుతుంది. జింక్ ఆక్సైడు చురుకైనదే గాని, నీళ్ళు పులుపైతే తానే కరిగిపోతుంది. నీళ్ళు కడగడానికి వెళ్ళి నీళ్ళలో కలిసిపోయే శుద్ధికర్త! పైగా కడిగాక పొడిని బయటికి తీయాలి. పాతిక నానోమీటర్ల పొడిని ఏ గుడ్డ వడగడుతుంది? అందుకని గాజుమీద అతికిస్తారు, లేదా ఇనుపఆక్సైడు గింజకు తొడుగుగా వేసి అయస్కాంతంతో లాగుతారు.

ఇన్ని లోపాలున్నా ఈ పొడిలో నాకు నచ్చే గుణం వొకటుంది. రిటైరైన ఆ పెద్దమనిషి చెప్పిన సూత్రానికి ఇది ఎదురు తిరుగుతుంది. పటికవేసి తేర్చితే మురికి అడుక్కి పోతుంది. ఆర్.ఓ. మిషను పెడితే వొక బిందె మంచినీళ్ళకు ఇంకో బిందె, చాలాసార్లు ఇంకా ఎక్కువ, ఉప్పునీళ్ళు మోరీలోకి పోతాయి. వీధికొక మిషను పెట్టి ఇరవై లీటర్ల క్యానులు అమ్ముకునేవాళ్ళను ఆ మోరీ ఎక్కడికి పోతుందని అడిగి చూడండి. ఈ పొడి మాత్రం మురికికి జాగ మార్చదు, దాన్ని లేకుండా చేస్తుంది. నీళ్ళకు సంబంధించినంతలో ఇది చాలా అరుదైన నిజాయితీ. అయితే దీనికీ హద్దుంది. ఫ్లోరైడునూ, పాదరసాన్నీ, ఉప్పునూ ఎంత కోపంతో చీల్చినా అవి లేకుండా పోవు. మందుల్లాంటివాటిని సగం చీల్చి వదిలేస్తే, ఆ సగం ముక్కలు మొదటిదానికన్నా చెడ్డవి కావచ్చు కూడా.

ఇక్కడినుంచి నా మనసు మంజీర వెంబడి పైకి పోతుంది. బోధన్ చెరకు తాగిన నీళ్ళు మంజీరవి. మహారాష్ట్రలో బీడ్ వైపు కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా వచ్చి, నిజాంసాగర్ నింపి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. నిజాంసాగర్‌కు పైన, సంగారెడ్డి దాటాక నక్కవాగు వచ్చి దీనిలో పడుతుంది. ఆ నక్కవాగు పటాన్‌చెరు పారిశ్రామికవాడ మీదుగా వచ్చేది. మందుల ఫ్యాక్టరీలు. ఆ ప్రాంతపు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో పడ్డ కేసు, కోర్టులు మారి, ఏళ్ళూపూళ్ళూ నడిచి, హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. అక్కడ ఫ్యాక్టరీలన్నిటికీ కలిపి వొక శుద్ధికేంద్రం కట్టారు. బాగానే వుంది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ శుద్ధికేంద్రంనుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. సుమారు తొంభై మందుల కంపెనీల నీళ్ళవి. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో వుండేదానికన్నా ఎక్కువ. రోజుకు 45 కిలోల మందు నీళ్ళలో పోతోందని వాళ్ళు లెక్కకట్టారు. మళ్ళీ చెబుతున్నాను, ఇవి మురికినీళ్ళు కావు. కడిగిన నీళ్ళు. అందులో బతకనేర్చిన క్రిమిని రేపు ఏ మందుతో చంపుతాం?

ఆ తర్వాత పైపు వేసి ఆ నీళ్ళను హైదరాబాద్ అంబర్‌పేట మురుగుకేంద్రానికి మళ్ళించారు. అక్కడినుంచి మూసీ. మూసీ పోయేది నల్లగొండ. జాగ మారింది.

లేబరేటరీల్లో సిప్రోఫ్లాక్సాసిన్‌ను విరగ్గొట్టడంలో టైటానియం డయాక్సైడు పేరుమోసింది. అందువల్ల ఇప్పుడు ఈ ప్రశ్న వూరికే వాదనకోసం అడిగేది కాదు. ఇంతమంచి పొడి చేతికి వస్తే, మనం మురికి తగ్గిస్తామా, పెంచుతామా? ఇంట్లో పనిమనిషి వుందని తెలిస్తే పిల్లలు కాగితపు ముక్కలు ఎక్కడ పడితే అక్కడ పడేస్తారు. ఫ్యాక్టరీ యజమాని పిల్లలకన్నా పెద్దవాడే, కాని బుద్ధి అంత మారదు. "తర్వాత కడగొచ్చులే" అన్న రెండుముక్కలు ఎన్ని వాగులను చంపాయో! శుద్ధికేంద్రమనే బోర్డు వేలాడితే చాలు, ఇంకో పది ఫ్యాక్టరీలకు లైసెన్సు ఇవ్వడానికి ఆఫీసులో సంతకం తేలికగా పడుతుంది. ప్రాయశ్చిత్తం ముందే కొని జేబులో పెట్టుకుని పాపానికి బయల్దేరినట్టు.

అలాగని "ముందు తొక్కడం మానండి, అప్పటిదాకా కడగడం గురించి మాట్లాడకండి" అనే శుద్ధవాదులతోనూ నేను కలవలేను. వాళ్ళమాట వినడానికి గొప్పగా వుంటుంది. కాని నల్లాలో ఏం వస్తోందో తెలియని ఇల్లాలు న్యాయం గెలిచేదాకా పిల్లవాడికి నీళ్ళు పట్టకుండా ఆపలేదు. బీరూట్‌లో 1980 ప్రాంతాల్లో పరిశోధకులు తెల్లసీసాలో నీళ్ళుపోసి ఎండలో పెడితే చాలా క్రిములు చస్తాయని చూపించారు. పైసా ఖర్చు లేదు. అది తప్పని ఎవరనగలరు? జబ్బుచేసినవాడికి మందివ్వడం, జబ్బు తెచ్చినవాణ్ణి క్షమించడం కాదు గదా. ఆ ఎండసీసాకూ, ఫ్యాక్టరీ గేటులోపలి పొడికీ తేడా ఏమిటంటే, మొదటిది తాగేవాడి చేతిలో వుంటుంది. తొక్కినవాడి భారాన్ని తాగేవాడు మోస్తున్నాడు. ఇంటికొక సీసా, వీధికొక మిషను, ఊరికొక పొడిడబ్బా అని మనం ఎంత ఉత్సాహంగా పంచుతుంటే అంతగా ఆ భారం కిందికి, నది కిందివైపుకు, దిగుతూ పోతుంది. కడిగే శాస్త్రం ఎంత గొప్పదైనా, అది ఎవరి ఖర్చుతో ఎక్కడ నిలబడుతుందన్నది శాస్త్రం చెప్పదు. మనం చెప్పాలి.

దీనికి వొక పాతకాలపు ఉపాయం వుంది. నదివొడ్డున ఫ్యాక్టరీ పెట్టేవాడు నీళ్ళు తీసుకునే గొట్టాన్ని, తాను మురికి వదిలే గొట్టానికి దిగువన పెట్టాలి. అంతే చట్టం. ఇన్‌స్పెక్టరు అక్కర్లేదు, పరీక్షలు అక్కర్లేదు. తాను వదిలింది తానే తాగుతాడు, కాబట్టి ఏ పొడి కావాలో, ఎంత కావాలో తానే వెతుక్కుంటాడు. మళ్ళీ సామెతలోలాగే తొక్కే కాలూ కడిగే చెయ్యీ వొకే వొంటికి వస్తాయి. పెద్ద ఊళ్ళకూ ఇదే చట్టం పెట్టవచ్చు. మంజీర దగ్గర మనం చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. హైదరాబాద్ తాగే నీళ్ళు సింగూరు దగ్గరా, మంజీర బ్యారేజీ దగ్గరా తీసుకున్నారు, అవి రెండూ పైన. నక్కవాగు కలిసేది కింద. నిజాంసాగర్ ఇంకా కింద. ఆ నీళ్ళకోసం మొదటినుంచీ నిజాంసాగర్ కింది రైతుల కంప్లయింటు నీళ్ళు తగ్గాయని మాత్రమే. మిగిలి వచ్చే నీళ్ళలో ఏముందని అడిగే తీరిక వాళ్ళకు ఎవరిచ్చారు?

కందకుర్తిలో మంజీర, గోదావరి, హరిద్ర కలుస్తాయి. హరిద్ర అంటే పసుపు. పుష్కరాలకు జనం ముక్కుమూసుకుని మూడు మునకలు వేస్తారు, దోసిలిపట్టి తాగుతారు. పైన ఎవరు ఏ గొట్టం ఎక్కడ పెట్టారో వాళ్ళకు తెలియదు. ఎండ మాత్రం నదిపొడుగునా, పైన సింగూరు మీదా కింద కందకుర్తి మీదా, వొకేలా కాస్తూనే వుంటుంది.